కారు ఇగ్నిషన్ కాయిల్: ఒరిజినల్ కొనాలా, బయటిది చాలా? రెండింటినీ కోసి చూశాం

ఫోన్‌తో వచ్చిన ఛార్జర్ పోయిందనుకోండి. మన ముందు మూడు దారులుంటాయి. కంపెనీ స్టోర్‌లో అదే ఛార్జర్ కొనడం, పేరున్న వేరే బ్రాండ్‌ది తీసుకోవడం, లేదంటే బస్టాండ్ బయట బండి మీద 150 రూపాయలకి దొరికేది పట్టుకొచ్చేయడం. మన సైట్ చదివేవాళ్లలో మూడో పని చేసేవాళ్లు ఉండరనే నా నమ్మకం. కానీ అదే మనం కారు పార్టు దగ్గరికి వచ్చేసరికి, మెకానిక్ ఏది చేతిలో పెడితే దానికి తలూపేస్తాం. నేనూ ఊపాను. ఫలితం, విజయవాడ వెళ్తూ నకిరేకల్ దాటాక హైవే పక్కన ఏప్రిల్ ఎండలో గంటన్నర నిలబడటం.

కారు మా మావయ్యది. 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 4 సిలిండర్లు, అప్పటికి 80 వేల కిలోమీటర్లు తిరిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది, రెండో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే కుదుపులు. మెకానిక్ భాషలో "మిస్సింగ్". ఒక కాయిల్ పోయిందన్నాడు. "కంపెనీది 2,400 సార్, లోకల్‌ది 650కే వస్తుంది, అదీ ఇదీ ఒకటే" అన్నాడు. మావయ్య నా వైపు చూశారు, ఇంట్లో టెక్నాలజీ మనిషిని నేనే కదా. "650దే వేయించేద్దాం మావయ్యా" అన్నది నేనే. అది నాలుగు నెలలు పనిచేసింది.

పోయిన ఒరిజినల్ కాయిల్ డిక్కీలోనే పడి ఉంది. హైవే మీద పోయిన లోకల్ కాయిల్‌ని కూడా దానితో పాటు ఇంటికి తెచ్చి, రెండింటినీ హాక్సా బ్లేడుతో నిలువునా కోశాను. ఫోన్లకి టియర్‌డౌన్ చేస్తాం కదా, అలాగే. లోపల ఏం కనిపించిందో చెప్పే ముందు, ఈ పార్టు చేసే పని ఒకసారి చూద్దాం. అది తెలియకుండా ధర గురించి మాట్లాడటం దండగ.

12 వోల్టుల నుంచి 30 వేల వోల్టులు ఎలా?

పెట్రోల్ ఇంజిన్‌లో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు ఖాళీని కరెంటు దూకాలంటే దాదాపు 3,000 వోల్టులు కావాలి. ప్లగ్గు గ్యాప్ సుమారు ఒక మిల్లీమీటరే. కానీ ఆ గాలిని పిస్టన్ గట్టిగా నొక్కేసి ఉంటుంది కాబట్టి అక్కడ 10 వేలు, 20 వేలు కూడా కావాల్సి వస్తుంది. టర్బో ఇంజిన్ అయితే ఇంకా ఎక్కువ. బ్యాటరీ ఇచ్చేది మాత్రం 12 వోల్టులు.

ట్రాన్స్‌ఫార్మర్ అనేస్తారు మీరు. నిజమే, కాయిల్‌లో ఇనుప కోర్ చుట్టూ రెండు చుట్టలుంటాయి. మొదటిది లావు తీగ, తక్కువ చుట్లు. రెండోది వెంట్రుకంత సన్నటి తీగ, మొదటిదానికి 80 నుంచి 100 రెట్లు ఎక్కువ చుట్లు. కానీ 12ని 100తో గుణిస్తే 1,200 వోల్టులే. పైగా ట్రాన్స్‌ఫార్మర్ డీసీ మీద పనిచేయదని ఇంటర్ ఫిజిక్స్‌లోనే చదివాం. మరి 30 వేలు ఎక్కడివి?

అసలు కిటుకు స్విచ్ ఆపడంలో ఉంది. ఈసీయూ చెప్పగానే ఒక ట్రాన్సిస్టర్ మొదటి చుట్టలోకి 3 మిల్లీసెకన్ల పాటు కరెంటు వదులుతుంది. అది సుమారు 7 ఆంపియర్ల దాకా ఎదుగుతుంది, కోర్‌లో అయస్కాంత శక్తి నిండుతుంది. అప్పుడు ట్రాన్సిస్టర్ ఠక్కున ఆపేస్తుంది. పోవడానికి దారిలేని ఆ శక్తి వల్ల మొదటి చుట్టలోనే 350 నుంచి 400 వోల్టులు ఎగసిపడతాయి. దాన్ని 80తోనో 100తోనో గుణించండి, 30 వేలు దాటేస్తుంది. మీ ఫోన్ ఛార్జర్‌లోనూ ఇదే పద్ధతి, శక్తిని నింపి వదలడం. కాకపోతే అక్కడ వోల్టేజీ తగ్గుతుంది, ఇక్కడ పెరుగుతుంది.

ఒక్క స్పార్కులో ఉండే శక్తి చాలా తక్కువ. ఇండక్టెన్స్ 3 మిల్లీహెన్రీలు, కరెంటు 7 ఆంపియర్లు అనుకుంటే 70 మిల్లీజౌళ్ల పైచిలుకు, అంతే. కానీ లెక్క చూడండి. ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే ఒక్కో కాయిల్ నిమిషానికి 1,000 సార్లు కొట్టాలి. గంటకి 60 కిలోమీటర్ల వేగం అనుకుంటే కిలోమీటరుకి 1,000 స్పార్కులు. 50 వేల కిలోమీటర్లకి 5 కోట్లు. అదీ వేడి ఇంజిన్ నెత్తిన కూర్చుని, వానలో, గుంతల్లో.

కోస్తే ఏం కనిపించింది?

కోసేముందు మా ఇంటి వంటింటి త్రాసు మీద పెట్టాను. లోకల్‌ది 40 గ్రాములు తక్కువ తూగింది. బయట చూస్తే మాత్రం రెండూ కవలలే, ప్లాస్టిక్ మీద గీతలతో సహా.

లోపల రాగి తీగ రెండింటిలోనూ రాగే. కోర్ లోకల్‌దాంట్లో సన్నగా ఉంది, బరువు తేడాలో ఎక్కువ భాగం అదే. అసలు తేడా తీగల మధ్య పోసిన ఎపాక్సీలో ఉంది. ఒరిజినల్‌లో ఎపాక్సీ గట్టిపడ్డ బెల్లం పాకంలా ఒకే ముద్ద. లోకల్‌దాంట్లో నువ్వు గింజంత గాలి బుడగలు ఆరేడు కనిపించాయి. వాటిలో ఒకదాని నుంచి కోర్ వైపు గోధుమ రంగులో కాలిన చార.

ఈ బుడగలే కాయిల్‌కి యముళ్లు. ఎపాక్సీ పోసేటప్పుడు గాలి లేకుండా వాక్యూమ్‌లో పోస్తే బుడగలు రావు. దానికి యంత్రం కావాలి, సమయం కావాలి. అది తప్పించుకుంటే డబ్బు మిగులుతుంది, లోపల గాలి కూడా మిగులుతుంది. వేల వోల్టుల ఒత్తిడిలో ముందు లొంగిపోయేది ఎపాక్సీ కాదు, ఆ గాలి. బుడగ లోపల చిన్న చిన్న మెరుపులు మొదలవుతాయి. ప్రతి మెరుపూ చుట్టూ ఉన్న ఎపాక్సీని కొంచెం కొంచెం తినేస్తుంది. కొన్ని లక్షల స్పార్కుల తర్వాత ఒకరోజు దారి పూర్తవుతుంది, కరెంటు ప్లగ్గుకి పోకుండా అటు పోతుంది. మల్టీమీటర్ పెట్టినా, కొన్న రోజు నడిపి చూసినా ఇది తెలియదు. షాపులో "వేసి చూడండి సార్, నచ్చకపోతే తెచ్చేయండి" అనే మాటకి అందుకే అంత విలువ ఇవ్వక్కర్లేదు.

మరి ఒరిజినల్ ఎందుకు పోయింది? ఇక్కడే నాకు తల కొట్టేసినట్టయింది. దాని రబ్బరు బూటు లోపల సన్నటి నల్ల గీత ఉంది. ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద కూడా సరిగ్గా అదే చోట అలాంటి గీత. ప్లగ్గుల గ్యాప్ కొలిస్తే 1.4 మిల్లీమీటర్లు. ఉండాల్సింది 1.1. బండి కొన్నప్పటి నుంచి ప్లగ్గులు మార్చనే లేదు! గ్యాప్ పెరిగేకొద్దీ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, కాయిల్ అంత ఎక్కువ తన్నుకోవాలి. లోపలా బయటా ఎక్కడ సందు దొరికితే అక్కడికి కరెంటు పారిపోతుంది. అంటే ఒరిజినల్‌ని చంపింది ముసలి ప్లగ్గులు. ఆ ప్లగ్గుల మీదే మేం 650 రూపాయల కాయిల్ ఎక్కించాం. కాబట్టి నేరమంతా దాని మీదే తోసేయడం న్యాయం కాదు. బుడగలు లేని కాయిలైతే ఇంకొంత కాలం తట్టుకునేది, అంతవరకే చెప్పగలను.

సీఎన్‌జీ మీద నడిచే బండ్లకి ఈ సంగతి ఇంకా ముఖ్యం. సీఎన్‌జీని వెలిగించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అలాంటి బండికి చవక కాయిల్ పెట్టడమంటే వారంటీ లేని ఫోన్‌ని నీళ్లలో ముంచి చూడటమే.

ఒరిజినల్ అంటే అసలు ఎవరు చేసినది?

కార్ల కంపెనీలు మామూలుగా కాయిల్స్ తయారు చేయవు. డెన్సో, బాష్, హిటాచీ, మిత్సుబిషి ఎలక్ట్రిక్, ఇటలీకి చెందిన ఎల్డోర్ లాంటి సంస్థలు చేసి ఇస్తాయి. డెన్సో అయితే 1949లో టొయోటా నుంచి విడిపోయి పుట్టిన కంపెనీయే. మన ఫోన్లలో కెమెరా సెన్సర్ సోనీదై, బాక్సు మీద పేరు ఇంకొకరిదై ఉన్నట్టే ఇది కూడా.

కాబట్టి షాపులో దొరికేవి రెండు రకాలు కాదు, నాలుగు. కారు కంపెనీ బాక్సులో వచ్చేది ఒకటి. అదే కాయిల్ తయారుచేసిన సంస్థ సొంత బాక్సులో వచ్చేది రెండోది. మీ కారుకి సప్లై చేయకపోయినా కాయిల్స్ చేయడంలో పేరున్న సంస్థది మూడోది. ఊరూ పేరూ లేనిది నాలుగోది. నాలుగోదే కాస్త తెలివి మీరి మొదటి మూడింటి బాక్సు తొడుక్కుంటే దాన్ని డూప్లికేట్ అంటాం. "ఒరిజినలా, ఆఫ్టర్‌మార్కెటా" అని అడిగితే రెండు, మూడు, నాలుగు రకాలు మూడూ ఒకే బుట్టలో పడిపోతాయి. మెకానిక్ "అదీ ఇదీ ఒకటే" అనగలిగింది నేను ప్రశ్న సరిగ్గా అడగకపోవడం వల్లే.

నా ఓటు రెండో రకానికి. చాలాసార్లు మొదటిదానికీ దీనికీ తేడా బాక్సు, ధర మాత్రమే. ఇది మన మార్కెట్లో తేలిగ్గా దొరకడం వెనక ఒక కథ కూడా ఉంది. కార్ల కంపెనీలు విడిభాగాలను బయటి షాపులకి, బయటి మెకానిక్‌లకి అందనివ్వడం లేదన్న ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి కలిపి రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. పార్టులు తయారుచేసే సంస్థలు వాటిని బయట నేరుగా అమ్ముకోవడానికి అడ్డుపడొద్దని చెప్పింది. బయటి మెకానిక్ చేయి పడిందన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయకూడదని, ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చని కూడా అంది. తర్వాత అప్పీళ్లు నడిచాయి, అది వేరే సంగతి. అయినా బండి వారంటీలో ఉంటే ఈ తలనొప్పులేవీ వద్దు, సర్వీస్ సెంటర్‌లో వాళ్ల చేతే మార్పించుకోండి.

కంపెనీది కాబట్టి కళ్లు మూసుకుని నమ్మేయాలా? అదీ కాదు. 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లలో, ముఖ్యంగా 1.8 టర్బో ఇంజిన్లలో, కంపెనీ బిగించిన కాయిల్సే వరసపెట్టి పోయాయి. 2003లో అమెరికాలో లక్షల కార్లకి ఉచితంగా మార్చాల్సి వచ్చింది. తర్వాత అదే పార్టు నంబరు చివర అక్షరం మారుతూ సరిదిద్దిన వెర్షన్లు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లాంటిదే ఇది. అందుకే ఎప్పుడో తయారై షాపు అరలో దుమ్ము పట్టిన "ఒరిజినల్" పీస్ కంటే, నంబరు చివర కొత్త అక్షరం ఉన్నది అడిగి తీసుకోవడం మంచిది.

కొనేముందు: నిజంగా కాయిలేనా?

మిస్సింగ్ ఉన్న ప్రతిసారీ కాయిలే దోషి కాదు. ప్లగ్గు కావొచ్చు, ఇంజెక్టర్ కావొచ్చు. ఇది తేల్చడానికి మన గాడ్జెట్ ఒకటి ఉంది. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్. (ఈఎల్‌ఎం327 అని రాసి ఉన్న చవక డాంగిళ్లలో చాలావరకు క్లోన్లే. కోడ్లు చదవడానికి పర్వాలేదు, లోతుకి వెళ్తే చేతులెత్తేస్తాయి.) పీ0302 అని వస్తే రెండో సిలిండర్ మిస్ అవుతోందని. పీ0352 అయితే రెండో కాయిల్ సర్క్యూట్‌లోనే తేడా ఉందని. పీ0300 అయితే ఒక సిలిండర్ అని కాదు, అక్కడా ఇక్కడా మిస్ అవుతోంది, అప్పుడు కాయిల్ మీద పడకండి.

పీ0302 వచ్చిందనుకోండి. ఇంజిన్ చల్లారాక, తాళం తీసేసి, రెండో సిలిండర్ కాయిల్‌ని మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చండి. చాలా కార్లలో 10 ఎంఎం బోల్టు ఒకటి, కనెక్టర్ ఒకటి, అంతే పని. కోడ్ చెరిపేసి ఓ పది కిలోమీటర్లు నడపండి. ఈసారి పీ0303 వస్తే తప్పు కాయిల్‌తో పాటే నడిచింది, అదే దోషి. పీ0302 అక్కడే ఉంటే కాయిల్ నిర్దోషి, ప్లగ్గులు చూడండి. రూపాయి ఖర్చు లేని పరీక్ష. మేం మొదటిసారి ఇది చేయలేదు.

మల్టీమీటర్ పరీక్ష వీడియోలు చాలా ఉన్నాయి, కానీ వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మొదటి చుట్ట నిరోధం సాధారణంగా ఒక ఓమ్ లోపే ఉంటుంది, చవక మీటర్ వైర్లకే 0.2, 0.3 ఓమ్‌లు ఉంటాయి. ఇక ట్రాన్సిస్టర్ లోపలే ఉన్న కాయిల్స్‌ని అలా కొలవడమే కుదరదు. పాత అలవాటు కొద్దీ కొందరు ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పైకి లాగి స్పార్క్ చూపిస్తారు. చేయనివ్వకండి. షాక్ సంగతి అటుంచితే, దూకే చోటు దొరకని వోల్టేజీ బాగున్న కాయిల్‌నే లోపల్నుంచి పొడిచేస్తుంది.

చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, ఆగి ఆగి మెరవడం వేరు. మెరుస్తుంటే పక్కకి ఆపేయమని అర్థం. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, లోపలి పింగాణీ తేనెపట్టు కరిగిపోయే దాకా వస్తుంది. దాంట్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. ఆ బిల్లు ముందు 2,400 కాయిల్ ఏపాటి? నకిరేకల్ దగ్గర మూడు సిలిండర్ల మీద ఈడ్చుకుంటూ సూర్యాపేట దాకా పోదామన్నారు మావయ్య. లైటు మెరుస్తోందని నేనే ఆపించాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

షాపులో ఏం చూడాలి?

ముందు నంబరు. పాత కాయిల్ మీద ఉన్న పార్టు నంబరు ఫొటో తీసుకుని వెళ్లండి. చూపుకి ఒకేలా ఉన్నా కనెక్టర్ పిన్నులు రెండుంటే ట్రాన్సిస్టర్ బయట ఈసీయూలో ఉన్నట్టు, మూడు నాలుగు ఉంటే మామూలుగా కాయిల్ లోపలే ఉన్నట్టు. టొయోటాలో కనిపించే నాలుగు పిన్నుల కాయిల్ స్పార్క్ కొట్టాక ఈసీయూకి తిరిగి సిగ్నల్ పంపుతుంది. ఆ సిగ్నల్ సరిగ్గా రాకపోతే ఈసీయూ పెట్రోలు కట్ చేసేస్తుంది. అంటే కాయిల్ బాగానే కొడుతున్నా బండి నడవదు. ఇలాంటి వాటికి మూడో రకం కూడా ఆలోచించి కొనండి, నాలుగో రకం ఊసే వద్దు.

తర్వాత బాక్సు. మన దేశంలో ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద ఎంఆర్‌పీ, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, అడ్రసు, నెల, సంవత్సరం ఉండాలి. విదేశీ పేరున్న బాక్సు మీద దిగుమతి చేసినవాళ్ల అడ్రసు లేదంటే పక్కన పెట్టేయండి. రాణిగంజ్‌లో అయినా, విజయవాడ ఆటోనగర్‌లో అయినా బిల్లు మీద పార్టు నంబరు రాయమని అడిగి చూడండి. నంబరు రాయడానికి వెనకాడే షాపులో కాయిల్ కొనకండి. ఆన్‌లైన్‌లో అయితే ఫొటో కంటే అమ్మేవాళ్ల పేరు ముఖ్యం, ఫొటో అందరూ ఒరిజినల్‌దే పెడతారు.

ఇంకో మాట. ఎర్ర కాయిల్స్, "పెర్‌ఫార్మెన్స్" కాయిల్స్ అని రీల్స్‌లో ఊదరగొడుతున్నారు. మామూలు కారులో ప్రతిసారీ స్పార్క్ సరిగ్గా పడుతుంటే, ఇంకా పెద్ద స్పార్క్ వల్ల హార్స్‌పవర్ పెరగదు. అగ్గిపుల్లతో వెలిగే స్టవ్‌ని కాగడాతో వెలిగించినా అన్నం అంతసేపే ఉడుకుతుంది. టర్బో బూస్ట్ పెంచి ట్యూన్ చేసినవాళ్ల లెక్క వేరు. వాళ్లు ఆడి ఆర్8 ఎర్ర కాయిల్స్ వాడేదీ అందుకే. తమాషా ఏంటంటే, అది కూడా ఒరిజినల్ పార్టే, వేరే కారుది.

ఒకటి పోతే నాలుగూ మార్చమంటారు. ప్లగ్గులైతే నాలుగూ మార్చండి, సందేహం లేదు. కాయిల్స్ మాత్రం పోయినదే మార్చడం నా పద్ధతి. లక్ష కిలోమీటర్లు దాటిన బండి, ఏడాదిలో రెండోది కూడా పోయింది అంటే అప్పుడు సెట్ గురించి ఆలోచించవచ్చు. మార్చేటప్పుడు ప్లగ్గు గుంటలో ఆయిల్ కనిపిస్తే ముందు పైన వాల్వ్ కవర్ గాస్కెట్ సంగతి చూడండి. ఆయిల్‌లో నానిన రబ్బరు బూటు ఉబ్బి మెత్తబడుతుంది, ఎంత మంచి కాయిలైనా అక్కడ ఎక్కువ కాలం బతకదు.

మావయ్య కారుకి చివరికి వేసింది, ఆ కంపెనీకి కాయిల్స్ సప్లై చేసే సంస్థ సొంత బాక్సులోది. 1,550 పడింది. నాలుగు కొత్త ప్లగ్గులు కూడా వేయించాం. ఇప్పటికి 14 వేల కిలోమీటర్లు అయింది, స్టీరింగ్ వణుకు లేదు. మావయ్య మాత్రం ఊరుకోలేదు, అలాంటిదే ఇంకో కాయిల్ కొని 10 ఎంఎం స్పానర్‌తో కలిపి గుడ్డలో చుట్టి డాష్‌బోర్డు అరలో పెట్టుకున్నారు. "ఈసారి నిన్ను అడగను రా" అన్నారు.